చేతికివ్వాల్సిన చీటీ

బయలుదేరేనాటికి నా దగ్గర ఉన్నవి ఇవీ: పన్నెండు రోజుల వ్యవధి, తొమ్మిది క్రైస్తవ సంఘాల పేర్లున్న ఒక కాగితం, తోడల్లుడి దగ్గర అడిగి తెచ్చుకున్న ఉన్ని కోటు, ఆ సంఘాల్లో నిలబడి చెప్పాల్సిన ఒక సాక్ష్యం. ఆ సాక్ష్యం మా ఆవిడది. ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలల పైన అయింది.

నాది షామియానాల, కుర్చీల అద్దె వ్యాపారం. ముప్పై ఏళ్ళుగా మా ఊళ్ళో పెళ్ళికీ చావుకీ, సభకీ కూడికకీ కుర్చీలు పంపేది నేనే. ఎంతమంది వస్తారో ముందే అంచనా కట్టడం ఈ పనిలో అసలు విద్య. వాళ్ళు మూడొందలు కావాలంటారు, నేను రెండొందల ఇరవై పంపుతాను, సరిపోతాయి. తలలు లెక్కపెట్టను. గుమ్మంలో నిలబడి ఒకసారి చూస్తే చాలు. మా ఆవిడ భూస్థాపన రోజున కూడా నా గోదాము నుంచే కుర్చీలు వెళ్ళాయి. నూట ఎనభై వేయించాను, నూట డెబ్బై నాలుగు నిండాయి. వెనక వరసలో ఒకదానికి కాలు విరిగి ఉంటే తీయించి గోడకు ఆనించి పెట్టించాను. ఆ రోజు గురించి నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ కుర్చీయే. ఏడుపు రాలేదు. తర్వాత వస్తుందిలే అనుకున్నాను. రాలేదు.

మా సంఘం పాస్టరుగారిని అందరం అయ్యగారు అంటాం. మేం వెళ్ళబోతున్న ఆ చలిదేశానికి ఆయన రెండేళ్ళ క్రితం మొదటిసారి వెళ్ళివచ్చారు. అక్కడి సంఘాలు చిన్నవి, ఒక్కోదాంట్లో ఇరవై మంది, ముప్పై మంది. వాళ్ళకొక పద్ధతి ఉంది. దూరదేశాల్లో జబ్బుపడినవాళ్ళ పేర్లు చీటీల మీద రాసి ఒక రేకు డబ్బాలో వేస్తారు. ఒక్కో విశ్వాసి ఒక్కో చీటీ తీసుకుని, ఆ పేరు పలికి రోజూ ప్రార్థన చేస్తారు. ఆ మనిషికి నయమైతే చీటీని ఆ మనిషి చేతికో, ఇంటివాళ్ళ చేతికో ఇవ్వాలి. కలిసే వీలు లేకపోతే, నయమైన కబురు అందాక సంఘపెద్దకు అప్పగించవచ్చు. పాత చీటీ దగ్గరుండగా కొత్తది తీసుకోకూడదు.

అయ్యగారు మా ఆవిడ పేరు అక్కడి తొమ్మిది సంఘాల్లోనూ ఇచ్చి వచ్చారు. ఆమెకు కడుపులో గడ్డ. పదకొండు నెలలు మందులు వాడాక స్కానింగులో ఏమీ లేదన్నారు. అయ్యగారు ఆ సాయంత్రమే తొమ్మిది సంఘాలకూ ఉత్తరాలు రాశారు. వాళ్ళు కృతజ్ఞతా కూడికలు పెట్టుకుని ఫొటోలు పంపారు. ఆ సోదరిని తీసుకురండి, కళ్ళారా చూస్తాం అన్నారు. మరుసటి ఏడు ప్రయాణానికి ఆరు నెలల పైన ఉండగానే అయ్యగారికీ, మా ఆవిడకూ, నాకూ టికెట్లు తీశారు. టికెట్లు తీసిన మూడో వారంలో జబ్బు తిరగబెట్టింది. ఆరు వారాల్లో అయిపోయింది.

ఆమె పోయిందన్న ఉత్తరం మాత్రం అయ్యగారు రాయలేదు. ఆయన అబద్ధాలకోరు కాదు. చావు ఇళ్ళలో ఆయన మాట్లాడినంత చక్కగా ఎవరూ మాట్లాడలేరు. కాకపోతే ఆ సంఘాలకు నెలనెలా పంపే నివేదికలో ‘జవాబు వచ్చిన ప్రార్థనలు’ అని ఒక గడి ఉంది. రానివాటికి గడి లేదు. ఈ నెల కాదులే, వచ్చే నెల రాద్దాం అనుకుంటూ ఉండగానే ప్రయాణం వచ్చిపడింది. మా ఆవిడ టికెట్టు రద్దుచేసి ఆమె తమ్ముడికి తీశారు. మా బావమరిది ఎలక్ట్రీషియను. ఊరంతా వాణ్ణి కరెంటు అనే పిలుస్తుంది. నా షామియానాలకు లైట్లూ మైకులూ వాడే పెడతాడు. ఆ సంఘాల్లో మైకులు సరిగ్గా లేవని, పనికొస్తాడని అయ్యగారు అన్నారు.

విమానాశ్రయంలో సామాను అప్పగించాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"ఒక మాట అడుగుతాను బ్రదర్, ఏమీ అనుకోరుగా?"

"చెప్పండి అయ్యగారూ."

"అక్కడివాళ్ళకు ఇంకా తెలీదు. చెల్లెమ్మ సంగతి. నాదే తప్పు, రాయాల్సింది. కానీ చిన్న సంఘాలు. నిన్నగాక మొన్న నమ్ముకున్నవాళ్ళు. మొహం మీద చెప్తే తట్టుకోలేరు. మీరు స్కానింగు దాకా చెప్పండి చాలు. అదైతే నిజమేగా? మిగతాది తిరిగొచ్చాక నేను నెమ్మదిగా రాస్తాను."

కరెంటు వెనక నిలబడి అంతా విన్నాడు. "అంటే వైరు సగం దాకా లాగి వదిలేయమంటారు. బల్బు వెలుగుతుందా అయ్యగారూ?"

"నువ్వు కాసేపు ఊరుకోరా బాబూ."

"నేను ఊరుకుంటాను సరే. బావా, నువ్వేమంటావ్?"

సరే అన్నాను. అప్పట్లో ఎవరు ఏమడిగినా సరే అంటున్నాను. కొడుకు గోదాముకు రేకులు మార్పిద్దామంటే సరే అన్నాను, వద్దులే అంటే దానికీ సరే అన్నాను.

మొదటి సంఘం ఒక టైర్ల షాపు మీద మేడగదిలో ఉంది. ఇనప మెట్లు ఎక్కి వెళ్ళాలి. కింద నుంచి రబ్బరు కాలిన వాసన వస్తోంది. నలభై కుర్చీలు, మూడు రకాలవి. మనుషులు ముప్పై ఒకరు. నేను తెలుగులో చెబితే అయ్యగారు ఇంగ్లీషులోకి మార్చేవారు. ఆ ఇంగ్లీషును అక్కడి స్కూలు టీచరమ్మ ఒకావిడ వాళ్ళ భాషలోకి మార్చేది. మాతో అన్ని సంఘాలకూ తిరగడానికి ఆవిడ సెలవు పెట్టి వచ్చింది. నా మాట రెండు మెట్లు దిగి వాళ్ళ చెవిన పడేలోగా నేను రెండో మాట సిద్ధం చేసుకోవచ్చు. తొందర లేదు. జబ్బు పేరు చెప్పాను. మందుల సంగతి చెప్పాను. జుట్టు రాలిపోయింది చెప్పాను. స్కానింగు రోజున డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడని చెప్పాను. అక్కడ ఆగాను. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

తర్వాత టీ ఇచ్చారు. బస్సు డ్రైవరుగా చేసి మానేసిన ముసలాయన ఒకరు టీచరమ్మను తీసుకుని నా దగ్గరికి వచ్చి ఏదో అడిగాడు. అయ్యగారు దాన్ని నాకు తెలుగులో చెప్పి, టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయారు.

"ఆమెను తీసుకురాలేదేం అంటున్నారు."

"ఇంటి దగ్గర పని ఉండిపోయింది" అన్నాను.

"ఇప్పుడెలా ఉన్నారంటున్నారు."

"బాగుంది."

ఆ మాట అన్నందుకు నాకేమీ అనిపించలేదు. కానీ ముసలాయన తల ఊపి నా భుజం తట్టి వెళ్ళాక ఒక సంగతి తెలిసింది. మా ఊళ్ళో ఆమె పోయిందని ప్రతివాడికీ తెలుసు. పాలవాడికి తెలుసు, బ్యాంకులో గుమాస్తాకు తెలుసు, నా కుర్చీలు మోసేవాళ్ళకు తెలుసు. నన్ను చూడగానే గొంతు తగ్గిస్తారు. ఈ దేశంలో ఒక్కరికీ తెలీదు. ఇక్కడ ఆమె ఇంటి దగ్గర ఏదో పనిలో ఉంది. చెప్పనంతకాలం ఉంటుంది.

రెండో సంఘం ఒక స్కూలు భోజనశాలలో కూడింది. బల్లలు పిల్లల ఎత్తువి, మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. ఒకామె, నీరసం తగ్గిందా అని అడిగింది. తగ్గింది, రోజూ పొద్దున్నే నడకకు వెళ్తోంది అన్నాను. మూడోది కార్లు బాగుచేసే షెడ్డు. పైకెత్తి ఉంచిన కారు కింద కూర్చుని పాటలు పాడారు. అక్కడ, మళ్ళీ ఆడవాళ్ళకు పాటలు నేర్పుతోంది అన్నాను. నాలుగో చోట సంఘపెద్ద వృత్తికి మంగలి. జుట్టు మళ్ళీ వచ్చిందా అని అడిగాడు.

"నడుము దాకా వచ్చింది" అన్నాను.

అయ్యగారు దాన్ని ఇంగ్లీషులో అన్నారు. టీచరమ్మ వాళ్ళ భాషలో అంది. మంగలి వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని పెద్దగా నవ్వాడు.

"పదమూడు నెలలకే నడుము దాకానా? ఆ నూనె ఏదో నాకూ ఒక సీసా పంపించమనండి. నా తల చూశారుగా అంటున్నారు" అన్నారు అయ్యగారు. ఆయన మాత్రం నవ్వలేదు.

ముప్పై ఏళ్ళు అంచనాలు కట్టి బతికినవాణ్ణి. అంత తప్పు లెక్క నా నోట ఎప్పుడూ రాలేదు.

ఆ మధ్యాహ్నం మా బసలో కరెంటు అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. నేను మంచం మీద కూర్చుని మేజోళ్ళు మడతపెడుతున్నాను.

"బావా, అక్క నడకకు ఎప్పుడెళ్ళింది?"

"వెళ్ళలేదు."

"వీధి చివర కూరల బండి దాకా నడవమంటే ఆటో పిలవమనేది. ఆ మనిషిని పట్టుకుని నువ్వు రోజూ తెల్లారగట్ల తిప్పుతున్నావ్. పాపం, కాళ్ళు పీకుతాయిరా బాబూ అంటుంది."

నాకు నవ్వొచ్చింది. వాడికీ వచ్చింది. ఇద్దరం కాసేపు నవ్వాం. నవ్వాగాక వాడు మొహం తుడుచుకుంటూ తువ్వాలు అలాగే పెట్టుకుని ఉండిపోయాడు.

"ఇంకా ఎన్ని చోట్ల బతికిస్తావ్?" అన్నాడు తువ్వాలు తియ్యకుండానే.

"ఐదు మిగిలాయి."

వాడి భుజాలు కదులుతున్నాయి. నేను లేచి వెళ్ళాల్సింది. మేజోళ్ళు ఆరు జతలున్నాయి, ఆరూ మడతపెట్టాను.

సాయంత్రం అయ్యగారు వచ్చి కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "స్కానింగు దాకా అన్నాను గదా బ్రదర్. ఈ జుట్టెందుకు, ఈ పాటలెందుకు? రేపు నేను ఉత్తరం ఎలా రాయను?"

"మీరు కొలత చెప్పారు. నేను రెండు మూరలు ఎక్కువ కోశాను."

"ఎకసెక్కం కాదండీ. మీ మాట నా నోటి మీదుగా వెళ్తోంది. వాళ్ళకు వినబడేది నేను. రాత్రి కళ్ళు మూసుకుంటే ఆవిడ జడ వేసుకుంటున్నట్టు కనబడుతోంది నాకు." ఆయన నుదురు రుద్దుకున్నారు. "తప్పు చేశాం. నేనే మొదలుపెట్టాను, నేనే ముగిస్తాను. రేపటి సంఘంలో చెప్పేస్తాను. మీరు పక్కన నిలబడితే చాలు."

"వద్దు" అన్నాను.

నాలుగు నెలల్లో ఎవరితోనైనా వద్దు అనడం అదే మొదటిసారి. ఆయన కూడా గమనించారేమో, నా మొహంలోకి చూశారు.

"ఎందుకొద్దు?"

మీరు చెప్పారంటే ఆమె ఇక్కడ కూడా పోతుంది అని ఆయనతో ఎలా అంటాను? లేని సరుకు ఉన్నట్టు చూపించి బేరం చేసేవాణ్ణి మా బజారులో ఏమంటారో నాకు తెలుసు. తెలిసే "వద్దంటే వద్దండీ" అన్నాను. ఆయన లేచి వెళ్ళిపోయారు. మరునాడు ఐదో సంఘంలో, ఒక కుట్టుపని ఇంట్లో, మా ఆవిడ నాకు రోజూ క్యారేజీ కట్టి పంపుతోంది అని చెప్పాను. అయ్యగారు నేల చూస్తూ దాన్ని ఇంగ్లీషులో పెట్టారు.

ఆరో సంఘం ఒక పెద్దాసుపత్రి వెనక వీధిలో, మూతపడిన మందుల దుకాణంలో కూడుతుంది. అద్దాల బీరువాలు ఖాళీగా ఉన్నాయి, అరల మీద మందుల పేర్లు మాత్రం మిగిలాయి. కూడిక మధ్యాహ్నం మూడింటికి. మేం ఒంటిగంటకే చేరాం. టీచరమ్మకు అక్కడ ఒక కబురు ఎదురైంది. ఆ సంఘంలో మా ఆవిడ పేరున్న చీటీ తీసుకున్నామె ఆ ఊళ్ళోనే ఉంటుంది. ఆసుపత్రి బట్టలుతికే చోట పని. మూడింటిదాకా ఆమెకు డ్యూటీ. మేం వచ్చామని విని, అంతదాకా ఆగలేనని, వీలైతే అక్కడికే రమ్మని చెప్పి పంపింది.

ఆసుపత్రి వెనక గేటులోంచి తీసుకెళ్ళారు. పొడుగాటి గది. ఒక పక్క మనిషి ఎత్తు యంత్రాలు తిరుగుతున్నాయి. నేల తడి, గాలి వెచ్చన, సోడా వాసన. మధ్యలో పెద్ద బల్ల, దాని మీద తెల్ల దుప్పట్ల గుట్ట. గుట్ట వెనక ఒక ముసలామె, అరవై దాటి ఉంటాయి. మోచేతుల దాకా ఎర్రబారిన చేతులు, జుట్టుకు గుడ్డ టోపీ. మమ్మల్ని చూసి పని ఆపలేదు. నా వెనక, కరెంటు వెనక, గుమ్మం వైపు చూసింది. ఇంకెవరూ రావడం లేదని తెలిశాక ఒక దుప్పటి లాగి రెండు కొసలు నా చేతికిచ్చింది.

షామియానా గుడ్డ మడతపెట్టడం నాకు పుట్టుకతో వచ్చిన పని. అడుగు వెనక్కి, బిగలాగడం, అంచుకు అంచు, మళ్ళీ ముందుకు. రెండో దుప్పటికే మా అడుగులు కలిశాయి. అయ్యగారు, టీచరమ్మ బల్లకు చెరోపక్క నిలబడ్డారు.

"ఆవిడ రాలేదా అంటోంది."

"రాలేదు."

"చీటీ ఇంకా తన దగ్గరే ఉందట. పదమూడు నెలల కిందట ఉత్తరం వచ్చిన రోజునే సంఘపెద్ద ఇచ్చెయ్యమన్నాడట. మిగతా సంఘాల్లో ఆ పేరు తీసుకున్నవాళ్ళందరూ కృతజ్ఞతా కూడిక చేసుకుని, ప్రార్థన ముగించి కొత్త చీటీలు తీసుకున్నారట. ఈవిడ ఇవ్వలేదు. మొండిదని తిడుతున్నాడంటోంది."

"ఎందుకివ్వలేదో అడగండి."

ముసలామె గుట్ట వైపు గడ్డం చూపించి చాలాసేపు మాట్లాడింది. అయ్యగారు ముక్కముక్కగా చెప్పారు. "ముప్పై ఏళ్ళుగా ఈ దుప్పట్లే ఉతుకుతున్నానంటోంది. ఫలానా మంచంవాడు నయమై ఇంటికెళ్ళాడంటారు. ఆ దుప్పటి ఉతికి ఆరేలోగా అదే మనిషి అదే మంచానికి వస్తాడు. అందుకని నయమైందన్న కాగితాన్ని నేను నమ్మను. మనిషిని చూశాకే ఆపుదామనుకున్నాను. చూడలేదు, ఆపలేదు అంటోంది."

"ఆపలేదా?"

"రోజూ ఈ వేళకే అంటోంది. మడతపెట్టేటప్పుడు. చేతులకు తీరిక ఉండదు, నోటికి ఉంటుంది కదా అంటోంది."

నా దగ్గర మాటలు సిద్ధంగా ఉన్నాయి. నడక ఉంది, పాటలున్నాయి, క్యారేజీ ఉంది. దుప్పటి కొసలు పట్టుకుని నిలబడ్డాను. జబ్బు తిరగబెట్టిందని డాక్టరు చెప్పిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజుకి తొమ్మిది సంఘాలూ మా ఆవిడ పేరు చెల్లు రాసేసి ఉన్నాయి. ఆ ఆరు వారాలూ, నొప్పికి ఆమె మంచం కమ్మీ పట్టుకున్న రోజుల్లో, ఈ గదిలో ఈ బల్ల దగ్గర ఈవిడ ఒక్కతే ఆ పేరు పలుకుతోంది. సరుకు కళ్ళతో చూడకుండా ముట్టిందని సంతకం పెట్టని మనిషి. ఇప్పుడు బాగుంది అన్నానంటే నన్ను నమ్మి ఆపేస్తుంది. ఇంటివాణ్ణి కదా.

ముసలామె దుప్పటిని చిన్నగా లాగింది, రమ్మని.

"ఆవిడ పోయింది" అన్నాను.

అయ్యగారు నా వైపు తిరిగారు. "చెప్పమంటారా?"

"చెప్పండి."

ఆయన ఇంగ్లీషులో చెప్పారు. ఐదు ఊళ్ళలో మా ఆవిడ నడకనూ జడనూ పాటలనూ వాళ్ళకు అందించింది టీచరమ్మే. నా మొహం చూసింది, అయ్యగారి మొహం చూసింది, భుజాన ఉన్న సంచి తీసి కింద పెట్టింది. ఆ మాట దిగే రెండు మెట్లు ఎంత దూరమో నాకు అప్పుడు తెలిసింది. ముసలామె మొహం ఇంకా మామూలుగానే ఉంది. టీచరమ్మ నోరు తెరిచేవరకూ మా ఆవిడ ఈ దేశంలో ఉంది. తెరిచింది, నాలుగు ముక్కల్లో చెప్పింది.

ముసలామె దుప్పటి వదల్లేదు. ముందుకొచ్చి నా చేతుల్లోని కొసలు తీసుకుని, మడత పూర్తిచేసి, గుట్ట మీద పెట్టి, అరచేత్తో రాసింది. అప్పుడు అడిగింది.

"ఏ రోజు అంటోంది."

తేదీ చెప్పాను. గోడకు సబ్బుల కంపెనీ క్యాలెండరు ఉంది. ఆమె కాగితాలు వెనక్కి తిప్పి, ఆ రోజు మీద వేలు పెట్టి, ఒక్కో గడీ జరుపుతూ ఈ రోజు దాకా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"నూట ముప్పై ఆరు" అన్నాను నేను.

టీచరమ్మ ఆ అంకె చెప్పినా ఆమె ఆగలేదు. చివరిదాకా తనే లెక్కపెట్టుకుని, అవును అన్నట్టు తలాడించింది. నేనైనా అలాగే చేసేవాణ్ణి.

"అది మంగళవారం. మంగళవారం ఆపరేషన్ల వార్డువి వస్తాయి, పని ఎక్కువ. అయినా ఆ రోజూ ఆ పేరు అన్నాను అంటోంది. ఆ తర్వాత నూట ముప్పై ఆరు రోజులూ అన్నానంటోంది."

"అయితే అవన్నీ వృథాయేగా బావా" అన్నాడు కరెంటు. యంత్రాల వైపు తిరిగి, స్విచ్చుబోర్డు చూస్తున్నట్టు నిలబడ్డాడు.

వాడేమన్నాడో ఆమె అడిగి తెలుసుకుంది. జవాబు వాడికే చెప్పింది, వీపుకు.

"వృథా ఎందుకయ్యా, మంచం ఖాళీ అయిందని ఉతికిన దుప్పటి తీసుకెళ్ళి మళ్ళీ మాపుతామా, బీరువాలో పెడతాం అంటోంది."

తర్వాత అయ్యగారి వైపు తిరిగి ఇంకేదో అడిగింది. ఈసారి గొంతు గట్టిగా ఉంది. నాలుగున్నర నెలలు ఎవరూ ఒక్క ముక్క రాయలేదేం అని అడిగిందని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. అయ్యగారు ఇంగ్లీషులో, తప్పు నాదే అన్నారు. అంత ఇంగ్లీషు నాకూ వచ్చు. ఆమె మళ్ళీ ఏదో అంది. టీచరమ్మ దాన్ని ఇంగ్లీషు చెయ్యలేదు. నేనూ అడగలేదు.

ఆమె చేతులు తుడుచుకుని, ముందు కట్టుకున్న గుడ్డ జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన చీటీ తీసింది. ఇలాంటప్పుడు చీటీ ఏం చెయ్యాలో తమ దగ్గర పద్ధతి లేదని టీచరమ్మ నసిగింది. నయమైతే ఇవ్వాలని ఉందిగాని ఇలాగైతే అని లేదట. ముసలామె చెయ్యి విసిరింది. ఇంటివాడు వచ్చాడు, ఇస్తున్నాను అంది. నా అరచేయి పట్టుకుని చీటీ పెట్టి వేళ్ళు మూసింది. ఆమె చెయ్యి ఉడుకు నీళ్ళలో నాని మెత్తగా ఉంది. ఏడుపు ఇప్పుడు వస్తుందేమో అని చూశాను. గోడ మీద గడియారం రెండుంబావు చూపిస్తోంది. ఇంకా నలభై దుప్పట్లున్నాయి. ఆమె ఇంకో రెండు కొసలు నా చేతికిచ్చింది. మూడింటిదాకా మడతపెట్టాం.

మందుల దుకాణంలో ఇరవై రెండు మంది ఉన్నారు. నేను స్కానింగు దగ్గర ఆగకుండా చివరిదాకా చెప్పాను. ముందు ఐదు చోట్ల అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకతను లేచి టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సంఘపెద్ద రేకు డబ్బా తెచ్చి ముసలామె ముందు పెట్టాడు. ఆమె ఒక చీటీ తీసుకుని, చదువుకుని, జేబులో వేసుకుంది. తర్వాత డబ్బాను నా వైపు నెట్టింది.

"నాకు ప్రార్థన చెయ్యడం సరిగ్గా రాదని చెప్పండి అయ్యగారూ. ఆ పని మా ఆవిడది."

"పేరు పలకడం వచ్చా అంటోంది."

"ఆ అక్షరాలే రావు నాకు."

కరెంటు చెయ్యి పెట్టి ఒక చీటీ తీశాడు. టీచరమ్మ రెండుసార్లు చదివి వినిపించింది. ఎక్కడో ఇంకో దేశంలో రాళ్ళు కొట్టే పనివాడు, ఊపిరితిత్తుల జబ్బు. కరెంటు ఆ పేరును చీటీ వెనక తెలుగులో రాసి నాకిచ్చాడు. "ఇదిగో బావా. దీనికి జుట్టూ గిట్టూ పెంచకు" అన్నాడు.

ఏడో సంఘంలో అయ్యగారే చెప్పారు, నేను పక్కన నిలబడ్డాను. ఎనిమిదో చోట నేను చెప్పాను. తొమ్మిదోదానికి వంతెన దగ్గర దారి మూసేశారు, వెళ్ళలేదు. చివరి రోజు పొద్దున బసలో అయ్యగారిని బల్ల ముందు కూర్చోబెట్టి ఆరు ఉత్తరాలు రాయించాను. అబద్ధం చెప్పిన ఐదు సంఘాలకూ ఐదు, వెళ్ళలేకపోయినదానికి ఒకటి. టీచరమ్మ వాళ్ళ భాషలోకి మార్చింది.

"ఇంటికెళ్ళి పంపుతాను గదా, నా మీద నమ్మకం లేదా?" అన్నారు అయ్యగారు.

"ఉందండీ. ఉత్తరాలు మాత్రం ఇలా ఇవ్వండి" అన్నాను. ఆరూ నేనే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.

మూడు నెలలైంది. ఇప్పటికి తేలిన లెక్క ఇది. ఆరు ఉత్తరాలకు మూడు జవాబులు వచ్చాయి. టైర్ల షాపు మేడ మీద మా ఆవిడకు జ్ఞాపకార్థ కూడిక చేశారు. కుట్టుపని ఇంటి సంఘం, ఇకమీదట మీరు రానక్కర్లేదని రాసింది. న్యాయమే. మంగలి మాత్రం, నడుము దాకా అన్నప్పుడే అనుమానపడ్డాను, పాపం మనిషి ఏదో దాస్తున్నాడని ఊరుకున్నాను అని రాశాడు. అయ్యగారు నివేదిక కాగితంలో స్కేలు పెట్టి ఇంకో గడి గీశారు. దానికి ఏం పేరు పెట్టాలో తెలియక ఖాళీగా ఉంచారు. నాతో మునుపటంత మాట్లాడరు గాని, కనబడితే వందనాలు అంటారు. కరెంటు వారానికి రెండుసార్లు భోజనానికి వస్తాడు. మా ఆవిడ ఇప్పుడు ఆ దేశంలో కూడా లేదు. అది నష్టం కింద రాసుకున్నాను.

ఏడుపు ఇంకా రాలేదు. వస్తుందని చూడటం మానేశాను.

సాయంత్రం లారీ వచ్చి కుర్చీలు దించేటప్పుడు నాకు చేతులతో పని ఉంటుంది, నోటితో ఉండదు. అప్పుడు ఆ రాళ్ళు కొట్టేవాడి పేరు అంటాను. వాడు ఉన్నాడో లేడో ఎవరూ రాయలేదు. నేను సరిగ్గా పలుకుతున్నానో లేదో కూడా తెలీదు. నిన్నటికి తొంభై ఒక్క రోజులు. ఆ పన్నెండు రోజుల ప్రయాణం మీద నాకు నికరంగా మిగిలింది ఆ పేరు ఒక్కటే.